విజిటర్ల లెక్క: చిట్టా ఎన్నాళ్లు, ఆవర్జా ఎన్నాళ్లు

సైటుకి ఎంతమంది వస్తున్నారో చూసుకోవడానికి ఏది వాడాలని అడిగితే చాలు, గూగుల్ అనలిటిక్స్, మటోమో, ప్లాసిబుల్, గోయాక్సెస్ అంటూ పేర్లు వరసపెట్టి వచ్చేస్తాయి. పేరు ఎంచుకోవడం ఆఖరి పని. ముందు తేల్చుకోవలసినవి వేరే ఉన్నాయి: వచ్చిన హిట్‌ని (ఒక్కో రిక్వెస్టుని) ఎక్కడ రాస్తాం, రాసేటప్పుడే ఏం వదిలేస్తాం, రాసింది ఎన్నాళ్లు ఉంచుతాం.

కొట్టు లెక్కల్లో ఉన్నట్టే ఇక్కడా రెండు పుస్తకాలుంటాయి. జరిగింది జరిగినట్టు వరసగా రాసేది చిట్టా. దాన్లోంచి పద్దులవారీగా తీసి ఎక్కించేది ఆవర్జా. సర్వర్ తనకొచ్చిన ప్రతి రిక్వెస్టునీ రాసుకునే లాగ్ ఫైలు చిట్టా. ‘ఫలానా తేదీ, ఫలానా పేజీ, ఇన్ని వ్యూలు’ అన్న పట్టిక ఆవర్జా. చిట్టాని నెలో రెండు మూడు నెలలో ఉంచి చెరిపేయొచ్చు. ఆవర్జా మాత్రం సైటు ఉన్నంతకాలం ఉండాలి. ఈ రెంటినీ ఒకే డేటాబేస్ టేబుల్లో కుక్కడం దగ్గరే సగం తలనొప్పులు మొదలవుతాయి.

అంకెలు పట్టుకోవడానికి ఒక సైటు అనుకుందాం. వర్డ్‌ప్రెస్ మీద నడిచే తెలుగు వ్యాసాల సైటు, రోజుకి 10,000 పేజీ వ్యూలు, ముందు ఎంజినెక్స్ అనే వెబ్ సర్వర్, 1 జీబీ ర్యామ్, 25 జీబీ డిస్కు ఉన్న చిన్న వీపీఎస్ (అద్దెకి తీసుకున్న వర్చువల్ సర్వర్). పేజీ తెరిస్తే బొమ్మలు, ఫాంట్లు, స్టైల్ ఫైళ్లు కలిపి 25 రిక్వెస్టులు అనుకుంటే రోజుకి 2,50,000 లాగ్ లైన్లు. మామూలుగా వాడే కంబైన్డ్ ఫార్మాట్‌లో లైను సుమారు 250 బైట్లు వేసుకుంటే రోజుకి 62 ఎంబీ.

తెలుగు సైట్లకి దీని మీద ఇంకో బరువుంది. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ పాయింట్ (యూనికోడ్‌లో ఒక అక్షరం లేదా గుర్తు) ఒక్కోటి 3 బైట్లు. లింకులోకి వచ్చేసరికి ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి 3 క్యారెక్టర్లవుతుంది. అంటే ఒక్కో కోడ్ పాయింట్‌కి 9. ‘తెలుగు’ అన్న చిన్న మాట, గుణింతం గుర్తుల్ని విడిగా లెక్కేస్తే 6 కోడ్ పాయింట్లు, లాగ్‌లో 54 క్యారెక్టర్లు. వర్డ్‌ప్రెస్ స్లగ్‌ని (లింకులో వ్యాసం పేరు ఉండే ముక్కని) 200 క్యారెక్టర్ల దగ్గర కోసేస్తుంది కాబట్టి తెలుగు శీర్షికల్లో 22 కోడ్ పాయింట్ల తర్వాత ఉన్నదంతా పోతుంది. కోసినా 200 అలాగే ఉంటుంది, పైగా అది పేజీ లైనుతో ఆగదు. ఆ పేజీలోని ప్రతి బొమ్మ, ప్రతి స్టైల్ ఫైలు రిక్వెస్టులోనూ రెఫరర్ (ఎక్కడినుంచి వచ్చిందో చెప్పే) గడిలో అదే లింకు మళ్లీ వస్తుంది. దాంతో లైను 450 బైట్లకి, రోజు లాగ్ 110 ఎంబీకి పోతుంది. జీజిప్‌తో కుదిస్తే ఇలా ఒకే మాట పదేపదే వచ్చే ఫైలు పదో వంతుకో ఇంకా కిందకో దిగుతుంది, నిజమే. కానీ అసలు రాయక్కర్లేనిదాన్ని రాసి నొక్కిపెట్టడం ఎందుకు?

కాబట్టి మొదటి మార్పు ఎంజినెక్స్‌లోనే. బొమ్మలు, ఫాంట్లు, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్ వెళ్లే లొకేషన్ బ్లాకుల్లో యాక్సెస్ లాగ్ ఆపేయండి. ఎర్రర్ లాగ్ మాత్రం ఉండనివ్వండి, పోయిన బొమ్మల సంగతి అక్కడ తెలుస్తుంది. 2,50,000 లైన్లు 10,000కి, బాట్లతో (మనుషులు కాక ప్రోగ్రాములు చేసే రాకలతో) కలిపితే ఏ 20,000–30,000కో దిగుతాయి. రెండో మార్పు, కంబైన్డ్ ఫార్మాట్ బదులు జేసన్‌లో రాయించడం, ఎస్కేప్ పద్ధతిని (ప్రత్యేక గుర్తుల్ని మార్చి రాసే తీరుని) కూడా జేసన్ అనే పెట్టడం. యూజర్ ఏజెంట్ (బ్రౌజర్ తన పేరు చెప్పుకునే గడి) అనేది అవతలివాడు పంపే మాట. అందులో కొటేషన్ గుర్తులు, వెనక గీతలు, ఏవైనా ఉండొచ్చు. ఖాళీల దగ్గర విడగొట్టే చిన్న స్క్రిప్టులు అక్కడే బోల్తా పడతాయి. మూడోది, లాగ్ రాతకి 32 కేబీ బఫరు, 5 సెకన్ల ఫ్లష్. డిస్కు మీద చిన్నచిన్న రాతలు తగ్గుతాయి. కరెంటు పోతే 5 సెకన్ల లైన్లు పోతాయి, విజిటర్ల లెక్కకి అది నష్టమేమీ కాదు.

పాత లాగ్‌ని పక్కకి తప్పించి కొత్తది మొదలుపెట్టే లాగ్‌రొటేట్ గురించి ఒక్కమాట. ఫైలు పేరు మార్చినంత మాత్రాన ఎంజినెక్స్ కొత్త ఫైలుకి మారదు, తెరిచి ఉన్న పాత ఫైల్లోకే రాస్తూ పోతుంది. దానికి యూఎస్ఆర్1 సిగ్నల్ అందాలి. డెబియన్, ఉబుంటు ప్యాకేజీలతో వచ్చే అమరికలో ఈ ఏర్పాటు ఉంటుంది, రోజుకొకటి చొప్పున 14 ఫైళ్లు ఉంచుతుంది. లాగ్‌ని వేరే ఫోల్డర్‌కి మార్చి, రొటేట్ అమరిక మార్చడం మరిచిపోయినప్పుడే గొడవ. ఇంకో తంటా: ఖాళీ కోసం పెద్ద లాగ్‌ని చేత్తో డిలీట్ చేస్తారు, అయినా డిస్కులో ఖాళీ చూపే డీఎఫ్ కమాండ్ డిస్కు నిండే ఉందంటుంది, ఫైళ్ల సైజులు కూడే డీయూతో చూస్తే అంత లెక్క రాదు. ఫైలు పేరు పోయింది, ఎంజినెక్స్ చేతిలో ఫైలు మాత్రం ఉంది. తెరిచి ఉన్న ఫైళ్లని చూపే ఎల్ఎస్ఓఎఫ్‌లో ‘డిలీటెడ్’ అని కనిపించేది అదే. లాగ్ మళ్లీ తెరిపిస్తే జాగా వెంటనే తిరిగొస్తుంది. కాపీ చేసి ఖాళీ చేసే కాపీట్రంకేట్ పద్ధతిలో ఆ రెండు పనుల మధ్య పడిన లైన్లు గల్లంతవుతాయి కాబట్టి, సిగ్నల్ తీసుకోగల సర్వర్‌కి దాని అవసరం లేదు.

ముందు సీడీఎన్ (పేజీల కాపీలు దాచుకుని పాఠకులకి అందించే మధ్యవర్తి సర్వర్లు) ఉంటే సర్వర్ లాగ్ సగం గుడ్డిది. కాష్ నుంచే వెళ్లిపోయిన పేజీలు మీదాకా రావు, వచ్చినవాటి మీద ఐపీ సీడీఎన్‌దే ఉంటుంది. అసలు ఐపీ హెడర్‌లో వస్తుంది. క్లౌడ్‌ఫ్లేర్ అయితే దానికంటూ సొంత హెడర్ ఉంది, మిగతావాళ్లలో చాలామంది ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ వాడతారు. ఎంజినెక్స్‌లోని రియల్ ఐపీ మాడ్యూల్‌తో దాన్ని తీసుకోవచ్చు. కానీ ఆ సీడీఎన్ ప్రకటించిన అడ్రస్ రేంజిల నుంచి వస్తేనే హెడర్‌ని నమ్మేలా పెట్టాలి. ఎవరి నుంచి వచ్చినా నమ్మితే, ఎవడైనా తనకి నచ్చిన ఐపీ రాసుకుని వస్తాడు.

ఇక లాగ్ సరిపోతుందా, పేజీలో స్క్రిప్టు కూడా పెట్టాలా? ఈ రెండూ వేరు వేరు సంగతులు కొలుస్తాయి, అంకెలు ఎప్పటికీ కలవవు, కలపాలని కూర్చోవడం దండగ. లాగ్‌కి బాట్లన్నీ కనిపిస్తాయి, 404లు కనిపిస్తాయి, ఆర్ఎస్ఎస్ ఫీడ్ చదివేవాళ్లు కనిపిస్తారు. బ్రౌజర్ తన కాష్ నుంచి చూపించిన పేజీలు కనిపించవు. స్క్రిప్టుకి అవి కనిపిస్తాయి, మామూలు బాట్లు చాలావరకు దాని దాకా రావు, కానీ యాడ్‌బ్లాకర్ ఉన్నవాళ్లు తప్పిపోతారు. పాఠకుల లెక్క కావాలంటే సొంత డొమైన్‌లోనే ఒక చిన్న చిరునామాకి బీకన్ (‘పేజీ చూశారు’ అని చెప్పే చిన్న రిక్వెస్టు) పంపే స్క్రిప్టు మంచిది. సర్వర్ దానికి 204 (ఖాళీ) జవాబిచ్చి, విడి లాగ్ ఫైల్లో ఒక లైను రాస్తే చాలు. పీహెచ్‌పీ కదలాల్సిన పనే లేదు. జవాబు మీద నో-స్టోర్ (దాచొద్దు అనే) హెడర్ తప్పనిసరి, లేకపోతే మధ్యలో ఏదో కాష్ దాన్ని పట్టుకుని కూర్చుంటుంది.

వర్డ్‌ప్రెస్ ప్లగిన్లలో కొన్ని ప్రతి వ్యూకీ పోస్ట్ మెటాలో ఉన్న అంకెని ఒకటి పెంచుతుంటాయి. వద్దు. ఒక వ్యాసం వాట్సాప్‌లో తిరగడం మొదలైతే అందరూ అదే రో (డేటాబేస్ పట్టికలో వరస) మీద తాళం కోసం క్యూ కడతారు, సైటు మొత్తం నెమ్మదిస్తుంది. పేజీ కాష్ పెడితే ఇబ్బంది తీరినట్టే ఉంటుంది కానీ పీహెచ్‌పీ నడవదు కాబట్టి లెక్క కూడా ఆగిపోతుంది. పైగా అక్కడ మిగిలేది మొత్తం ఒక్కటే. ఏ రోజు ఎంతో తర్వాత ఎవరూ చెప్పలేరు.

చిట్టాని ఎక్కడ ఉంచాలన్నదానికి నా జవాబు సాదాగా ఉంటుంది: ఫైల్లో. చివర చేర్చుకుంటూ పోయే ఫైలు కన్నా చవకైన, గట్టి చోటు లేదు. రాత్రికొకసారి స్క్రిప్టు దాన్ని చదివి, కూడి, ఎస్‌క్యూలైట్‌లో (ఒకే ఫైల్లో ఉండే చిన్న డేటాబేస్) ఆవర్జా ఎక్కిస్తుంది. పై సైటులో రోజుకి 2,000 రోలు పడినా ఏడాదికి 7.3 లక్షలు, రోకి 60 బైట్లు వేసుకున్నా 44 ఎంబీ. పదేళ్లకీ అర జీబీ దాటదు. దీనికి పోస్ట్‌గ్రెస్ లాంటి పెద్ద డేటాబేస్ అక్కర్లేదు, క్లిక్‌హౌస్ అసలే అక్కర్లేదు.

ఆ 2,000 అలాగే ఉండాలంటే కొలతల్ని అదుపులో పెట్టాలి. తేదీ, పేజీ, ఎక్కడినుంచి వచ్చారు, ఫోనా కంప్యూటరా, ఏ దేశం అన్నీ ఒకే రోలో పెడితే వాటి కాంబినేషన్లు గుణించుకుపోయి, ఆవర్జా చిట్టా అంత లావవుతుంది. పేజీ–మూలం ఒక టేబుల్, పేజీ–పరికరం ఒక టేబుల్, దేశం విడిగా ఒక టేబుల్. మూలం అంటే రెఫరర్‌లోని డొమైన్ ఒక్కటే చాలు. 2020లో వచ్చిన క్రోమ్ 85 నుంచి వేరే సైట్లకి మామూలుగా పూర్తి లింకు పంపడమే లేదు, డొమైన్ వరకే పంపుతుంది. వాట్సాప్ నుంచి వచ్చేవాళ్లకి చాలాసార్లు రెఫరరే ఉండదు, వాళ్లంతా ‘డైరెక్ట్’ కింద పడతారు. తెలుగు సైట్లలో ‘డైరెక్ట్’ ఉబ్బిపోయి కనిపిస్తే అడ్రస్ గుర్తుపెట్టుకుని వచ్చే అభిమానులని మురిసిపోవద్దు. షేర్ బటన్ లింకుకి చివర ఒక గుర్తు తగిలిస్తే కొంత విడిపోతుంది. ఫోన్ మోడల్ లెక్క మాత్రం మానేయండి. ఆండ్రాయిడ్ క్రోమ్ ఇప్పుడు ఎవరిదైనా ‘ఆండ్రాయిడ్ 10, కే’ అనే చెబుతుంది.

పేజీని లింకుతో కాకుండా పోస్ట్ ఐడీతో గుర్తించండి. ఒకే వ్యాసానికి ఫేస్‌బుక్ తగిలించే ఎఫ్‌బీక్లిడ్ తోక ఒకటి, చివర గీత ఉన్నది ఒకటి, లేనిది ఒకటి అని ఎన్నో పద్దులు తయారవుతాయి. తెలుగులో ఇంకో రెండు కలుస్తాయి. ‘ఫేస్‌బుక్’ లాంటి మాటల్లో పొల్లు తర్వాత కనిపించకుండా కూర్చునే జీరో విడ్త్ నాన్ జాయినర్ ఒక లింకులో ఉండి ఇంకోదాంట్లో లేకపోతే కంటికి రెండూ ఒకటే, కంప్యూటర్‌కి రెండు పేజీలు. ఒకే అక్షరం వేర్వేరు కోడ్‌లతో ఉంటే ఒకే రూపంలోకి తెచ్చే ఎన్ఎఫ్‌సీ నార్మలైజేషన్ చేసినా అది పోదు, విడిగా తీసేయాలి. ఐత్వం గుర్తు ఒక కోడ్ పాయింట్‌గానూ రావచ్చు, రెండుగానూ రావచ్చు. దాన్ని ఎన్ఎఫ్‌సీ సరిచేస్తుంది. బీకన్‌లోనే పోస్ట్ ఐడీ పంపితే ఈ గొడవ మొత్తం పోతుంది. లింకునే దాచాల్సివస్తే డీకోడ్ చేసి దాచండి. 255 క్యారెక్టర్ల కాలమ్‌లో శాతం గుర్తుల లింకు పెడితే 28 కోడ్ పాయింట్లకే నిండి, ఒకేలా మొదలయ్యే రెండు వ్యాసాలు ఒకే పద్దులో కలిసిపోతాయి.

అందరికన్నా మనకే ఎక్కువ తగిలే లెక్క టైమ్‌ది. చిట్టాలో యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) రాయడం మంచి పద్ధతే. ఆవర్జాని కూడా యూటీసీ గంటల చొప్పున కూడి, తర్వాత చిట్టా చెరిపేస్తే దెబ్బ అక్కడ పడుతుంది. మన రోజు మొదలయ్యేది యూటీసీ 18:30కి. అది గంట మధ్యలో ఉంది. 18 నుంచి 19 దాకా ఉన్న ఒక్క అంకెలో ఏది నిన్నటిది, ఏది ఇవాళ్టిది ఇక విడదీయలేరు. పూర్తి గంటల తేడా ఉన్న దేశాలవాళ్లకి ఈ ఇబ్బంది రాదు కాబట్టి వాళ్లు రాసిన టూల్స్‌లో గంట డబ్బాలే ఉంటే ఆశ్చర్యం లేదు. అరగంట డబ్బాలు పెట్టండి. నేపాల్ పాఠకుల రోజు కూడా కావాలంటే పావుగంట, వాళ్లది 5:45. అమెరికాలోని తెలుగువాళ్లు ఏ వేళకి చదువుతున్నారో చూడాలన్నా అరగంట డబ్బా యూటీసీలో ఉంటేనే సుఖం, అక్కడ ఏడాదికి రెండుసార్లు గడియారం జరుగుతుంది.

స్క్రిప్టు ఫైలు పేరు చూసి తేదీ అనుకోకూడదు, లైనులోని టైమ్ చూడాలి. రొటేట్ సరిగ్గా అర్ధరాత్రికే జరగదు, ఒక రోజు లైన్లు రెండు ఫైళ్లలో ఉంటాయి. తెల్లవారుజామున 3 గంటలకి నడిపి, నిన్నటి తేదీ రోలు తీసేసి మళ్లీ ఎక్కించడం ఒకే ట్రాన్సాక్షన్‌లో (అయితే మొత్తం, లేకపోతే ఏదీ కాదు) చేయాలి. అప్పుడు క్రాన్ (వేళకి స్క్రిప్టు నడిపేది) పొరపాటున రెండుసార్లు నడిచినా అంకె రెట్టింపు కాదు. రోకొక కమిట్ పెడితే రోకొకసారి డిస్కు దాకా వెళ్లి రావాలి, రెండు సెకన్లలో అయ్యే పని ఎన్నో రెట్లు సాగుతుంది.

‘యూనిక్ విజిటర్లు’ అనే అంకె అన్నిట్లోకీ పెద్ద మాయ. ఐపీతో లెక్కేస్తే మొబైల్ నెట్‌వర్కుల్లో ఒకే ఐపీవీ4 అడ్రస్ వెనక ఎంతోమంది ఉంటారు, వాళ్లంతా ఒకరే అవుతారు. ఐపీవీ6లో తలకిందులు: ఒకే ఫోను తాత్కాలిక అడ్రసులు మార్చుకుంటూ నలుగురవుతుంది. ఐపీవీ6ని మొదటి 64 బిట్లకి కోసి, యూజర్ ఏజెంట్‌తో కలిపి లెక్కిస్తే కొంత నయం. కుకీ పెట్టినా సఫారీలో జావాస్క్రిప్ట్‌తో పెట్టిన కుకీ 7 రోజులకి మించి ఉండదు. ఇంకోటి, రోజువారీ యూనిక్‌లని కూడితే నెలవారీ రాదు. సోమవారం వచ్చినవాడే మంగళవారమూ వస్తాడు. నెల అంకె కావాలంటే హైపర్‌లాగ్‌లాగ్ (వేర్వేరు మనుషుల సంఖ్యని కొద్ది జాగాలో అంచనా వేసే పద్ధతి) దాచాలి. రెడిస్ అనే డేటాబేస్‌లో అది గరిష్ఠంగా 12 కేబీ, పొరపాటు 0.81% దరిదాపుల్లో, పైగా రోజులవి కలిపితే నెలది వస్తుంది.

అయితే ఇక్కడ ఒక ముడి ఉంది. ఐపీని హాష్ చేశాం (గుర్తుపట్టలేని కోడ్‌గా మార్చాం) కాబట్టి గోప్యమే అనుకుంటారు, కాదు. ఐపీవీ4లో ఉన్నవే 429 కోట్ల అడ్రసులు. ఉత్త ఎస్‌హెచ్ఏ-256 అయితే అన్నిటినీ హాష్ చేసి పోల్చి చూడటం మామూలు కంప్యూటర్‌కి పెద్ద పని కాదు. అందుకే సాల్ట్ (రహస్యంగా ఉంచే యాదృచ్ఛిక మాట) కలిపి, ఆ సాల్ట్‌ని రోజూ మార్చి పాతది చెరిపేస్తారు. ప్లాసిబుల్ చేసేది ఇదే. సాల్ట్ రోజూ మారితే ఇవాళ్టి మనిషి రేపు కొత్త మనిషి, హైపర్‌లాగ్‌లాగ్‌లు కలిపినా నెల లెక్క తప్పే. నెలవారీ యూనిక్ కావాలా, రోజుకే చెరిగిపోయే గుర్తు కావాలా, రెండిట్లో ఒకటే. నా మొగ్గు రోజుకే. వ్యాసాల సైటుకి నెలవారీ యూనిక్ అడిగేది ప్రకటనలవాళ్లు తప్ప ఇంకెవరూ కాదు.

బాట్లని ఎక్కడ తీసేయాలి? చిట్టాలో కాదు, ఆవర్జాకి ఎక్కించేటప్పుడు. ఇవాళ తెలియని బాట్ వచ్చే వారం తెలుస్తుంది. చిట్టా ఉంటే జాబితా సరిచేసి పాత రోజులు మళ్లీ కూడొచ్చు. పేరు చెప్పుకునేవి సులువు. గూగుల్‌బాట్ అని చెప్పుకున్నవన్నీ గూగుల్‌వి కావు, అనుమానం ఉంటే ఐపీ నుంచి పేరు, పేరు నుంచి మళ్లీ ఐపీ డీఎన్ఎస్‌లో చూడాలి. వర్డ్‌ప్రెస్ లాగిన్ పేజీనీ ఎక్స్ఎంఎల్ఆర్‌పీసీనీ తడిమిపోయేవి, వాట్సాప్ ప్రివ్యూ కోసం వచ్చేవి, బ్రౌజర్ ముందుగానే తెచ్చిపెట్టుకునే ప్రీఫెచ్‌లు, ఇవన్నీ లాగ్ లెక్కలోంచి తీసేయాలి. ప్రీఫెచ్‌ని పట్టుకోవాలంటే సెక్-పర్పస్ హెడర్‌ని కూడా లాగ్ ఫార్మాట్‌లో చేర్చాలి, మామూలు ఫార్మాట్‌లో అది ఉండదు.

దీన్నిబట్టి చిట్టా ఎన్నాళ్లన్నది తేలుతుంది: పొరపాటు కనిపెట్టి మళ్లీ కూడుకోవడానికి పట్టేంతకాలం. వ్యక్తిగత సైటుకి 35 రోజులు, కాస్త పెద్దదానికి 90. డెబియన్ ఇచ్చే 14 దీనికి తక్కువ. కంపెనీ సైటయితే మాట వేరు. 2022 ఏప్రిల్ 28న దేశ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సిస్టమ్ లాగ్‌లు 180 రోజులు దేశంలోనే ఉంచాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టమేమో అవసరం తీరాక వ్యక్తిగత సమాచారం తీసేయమంటుంది. రెండూ కుదరాలంటే భద్రత కోసం ఉంచే పూర్తి ఐపీ లాగ్‌ని విడి ఫోల్డర్‌లో, రూట్ మాత్రమే చదివేలా పెట్టి, విజిటర్ల లెక్క చేసే స్క్రిప్టుకి ఐపీ చివరి భాగం సున్నా చేసిన లైన్లే ఇవ్వాలి.

ఫైలు, ఎస్‌క్యూలైట్ సరిపోని రోజు కూడా రావచ్చు. రోజుకి ఏ పది, ఇరవై లక్షల ఈవెంట్ల దగ్గరో, లేదా పదిమంది ఒకేసారి రిపోర్టులు తిప్పిచూడాలన్నప్పుడో. పోస్ట్‌గ్రెస్‌కి వెళితే మొదటిరోజే నెలవారీ పార్టిషన్లు (టేబుల్‌ని నెలకో ముక్కగా) పెట్టండి. పాత నెలని డ్రాప్ చేస్తే క్షణంలో జాగా వస్తుంది. డిలీట్ చేస్తే చచ్చిన రోలు అలాగే ఉండి, వాక్యూమ్ (చచ్చిన రోలని శుభ్రం చేసే పని) నడిచాకా ఫైలు సైజు సాధారణంగా తగ్గదు. టైమ్ కాలమ్ మీద బ్రిన్ ఇండెక్స్ చాలు, మామూలు బీ-ట్రీ ఇండెక్స్‌తో పోలిస్తే దాని సైజు లెక్కలోకి రాదు. మటోమో వాడేవాళ్లకీ ఇదే జబ్బు మైఎస్‌క్యూఎల్‌లో వస్తుంది: పాత విజిట్లు చెరిపినా ఇన్నోడీబీ (మైఎస్‌క్యూఎల్ టేబుళ్లు దాచే పద్ధతి) ఫైలు తగ్గదు, ఆప్టిమైజ్ టేబుల్ నడపాలి, అది నడవడానికి ఆ టేబుల్ అంత ఖాళీ డిస్కులో ముందే ఉండాలి. మటోమోలో రిపోర్టు తెరిచినప్పుడు లెక్కలు కట్టే పద్ధతి ఆపేసి క్రాన్‌కి అప్పగించడం కూడా అంతే ముఖ్యం. క్లిక్‌హౌస్‌కి ఒక్కో ఈవెంట్ ఒక్కో ఇన్సర్ట్‌గా పంపితే ‘టూ మెనీ పార్ట్స్’ అని తిరగబడుతుంది. వేలల్లో గుత్తగా పంపాలి. 1 జీబీ యంత్రంలో దాని ఊసే వద్దు.

ఇవేవీ చూసుకోలేం అనుకుంటే గూగుల్ అనలిటిక్స్ ఉండనే ఉంది. దాని ఉచిత రకంలో ఈవెంట్ల వివరాలు 2 నెలలో, సెట్టింగ్ మారిస్తే 14 నెలలో ఉంటాయి. మొదట ఉండేది 2 కాబట్టి ఖాతా తెరిచిన రోజే మార్చుకోవాలి. పాత యూనివర్సల్ అనలిటిక్స్ 2023 జులై 1న కొత్త డేటా తీసుకోవడం మానేసింది, ఏడాది తర్వాత పాత అంకెలు కూడా తీసేశారు. కాబట్టి దాన్ని వాడినా రోజువారీ మొత్తాలు నెలకొకసారి దించి మీ ఎస్‌క్యూలైట్‌లో వేసుకోండి.

ఆ ఎస్‌క్యూలైట్ ఫైలుని బ్యాకప్ తీసేటప్పుడు ఉత్త కాపీ కొట్టకండి. డబ్ల్యూఏఎల్ మోడ్‌లో ఉంటే కొత్త రోలు కొన్ని పక్క ఫైల్లో ఉంటాయి, కాపీలో అవి రావు, ఒక్కోసారి కాపీ తెరుచుకోదు కూడా. షెల్‌లోని బ్యాకప్ కమాండో, వాక్యూమ్ ఇంటో వాడండి. తీసిన కాపీని తెరిచి, చిట్టా ఇంకా ఉన్న ఏదో ఒక తేదీని మళ్లీ కూడి, రెండు మొత్తాలూ పోల్చి చూసుకున్నాకే పాత చిట్టా చెరిపే క్రాన్ ఆన్ చేయండి.